బండి చెడలేదు

"శుక్రవారం పొద్దున పది గంటలకల్లా ప్రొద్దుటూరుకు రావాలమ్మా. యూనిఫారం ఇస్త్రీ చేయించుకో. పెద్ద అధికారి చేతుల మీదుగా నీకు ప్రశంసాపత్రం ఇస్తారు" అని సీతాపతి ఫోనులో చెప్పినప్పుడు అంబులెన్సులో రోగులను చూసుకునే ఎస్తర్ పులివెందులలో బండి వెనక తలుపు తెరిచి స్ట్రెచర్ తుడుస్తూ ఉంది. సంతోషపడవలసిన మాటే. కానీ ఆమె చేతిలోని గుడ్డ కదలడం మానేసింది.

"నాకెందుకు సార్?"

"భలేదానివే! చెడిపోయిన బండిలో ఒక్కదానివే కాన్పు చేసి తల్లినీ బిడ్డనూ బతికించినావు. తుమ్మలపల్లె కేసు, మరిచిపోయినావా? విధుల్లో ప్రాణాలు విడిచిన మన సిబ్బందికి కూడా అదే సభలో సత్కారం. మూడు కుటుంబాలను పిలుస్తున్నాం."

"మూడేనా సార్? మా ఆనందయ్యన్న?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. సీతాపతి జిల్లాలో అంబులెన్సు సిబ్బంది రికార్డులన్నీ చూసే సూపరింటెండెంటు. కాగితం మీద లేని మాట నోట రానివ్వని మనిషి.

"ఆయనది డ్యూటీలో జరిగింది కాదమ్మా. డ్యూటీ రాత్రి ఎనిమిదికి అయిపోయింది. ఆసుపత్రిలో రాసిన టైము ఎనిమిదీ ఐదు. పైగా ఆరూ యాభై రెండుకే బండి బ్రేక్‌డౌన్ అని నువ్వే ఎంట్రీ పెట్టినావు. చెడిపోయిన బండికి పైలట్ డ్యూటీ ఏముంటుంది?"

ఐదు నిమిషాలు! మనిషి అంబులెన్సు స్టీరింగు పట్టుకొని పద్నాలుగేళ్ళు నడిపితే లెక్కలోకి రాలేదు గానీ, ఈ ఐదు నిమిషాలు మాత్రం వచ్చాయి. ఎస్తర్ ఫోను జేబులో పెట్టుకొని స్ట్రెచర్‌ను మళ్ళీ మొదటి నుంచి తుడిచింది.

ఆ సాయంత్రం బండి చెడలేదు. ఆ సంగతి ఎస్తర్ కాక ఎరిగినవాడు ఒక్కడే, వినోద్ కుమార్. అతనూ పైలట్టే, అంబులెన్సు డ్రైవర్లను అట్లాగే అంటారు. ఆ వేళ రెండో బండి తెచ్చినవాడు అతనే. ఇప్పుడు పక్కనే తన బండి అద్దం మీద నీళ్ళు చల్లి పాత పేపరుతో రుద్దుతున్నాడు.

"ముగ్గురే అంటప్పా. అన్న పేరు లేదంట" అంది ఎస్తర్.

"ఉంటాదనుకున్న్యావా?"

"నేను రాసిస్తా. బండి చెడల్యా, అన్నకు గుండెనొప్పి వచ్చిందని."

వినోద్ పేపరు ఉండ చుట్టి కింద పారేశాడు. అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. "మెల్లగ మాట్లాడు మా. ఆ పొద్దు నువ్వు పైలట్‌కు బాగలేదని చెప్పింటే ఏమయ్యేది? ఆయప్పనడుగు, ఈయప్పనడుగు అని అరగంట తిప్పేవాళ్ళు. బ్రేక్‌డౌన్ బటన్ నొక్కితే పక్క బండి ఆ నిమిషమే కదుల్తాది. అందుకే అందరం నొక్కుతాం. నేను నొక్కల్యా? స్వాతి నొక్కల్యా? పేషెంటోళ్ళు కొట్టను వచ్చినా బ్రేక్‌డౌనే, మనకు వాంతులైనా బ్రేక్‌డౌనే. అది అబద్ధమని నువ్వు రాసిచ్చినావనుకో, పాత ఎంట్రీలన్నీ బయటికి లాగుతారు. అందరికీ మెమోలు. అందరి కడుపులూ కొడతావా?"

"జమ్మలమడుగులో గంగమ్మక్కను తాగుబోతోని పెండ్లాం అంటాండారప్పా!"

ఆ మాట పుట్టించింది ఒక ఫోటో. అది వినోద్ ఫోనుకూ వచ్చింది. ఎవడో మోటారు సైకిలు మీద పోతూ తీశాడు. యూనిఫారంలో ఉన్న ఆనందయ్య అంబులెన్సు ముందు చక్రానికి ఆనుకొని, కాళ్ళు చాపుకొని, తల ఒక పక్కకు వాల్చి ఉన్నాడు. 'బండి చెడిపోతే డ్రైవర్ తాగి పడ్డాడు' అని పైన రాత. వక్కపొడి కూడా ఎరగని మనిషి ఆయన. ఆ రాత రాసినవాడి వేళ్ళు విరగ, వాడికి గానీ వాడింట్లో వాళ్ళకు గానీ ఏనాడూ అంబులెన్సు అవసరం రాదు కాబోలు.

"రాసిస్తే ఇంకోటి అడుగుతారు" అన్నాడు వినోద్, ఈసారి మెత్తగా. "నీ పైలట్ పానంతో ఉండంగా నువ్వేం జేస్తాంటివి అంటారు. ఏం జెప్తావు?"

రెండు నెలలుగా ఎస్తర్‌ను నమిలి తింటున్న ప్రశ్న అదే. బండి ఆపాక ఆనందయ్య ఇరవై నిమిషాలు బతికే ఉన్నాడు. ఆ ఇరవై నిమిషాలూ ఆమె బండిలో కాన్పయిన తల్లి దగ్గరే ఉండిపోయింది. ఈ మాట ఆనందయ్య భార్య గంగమ్మకు చెప్పలేదు. మట్టి కార్యక్రమం నాడు ఆమెను వాటేసుకొని ఏడ్చింది గానీ చెప్పలేదు.

బుధవారం ఎస్తర్‌కు సెలవు. పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నానికి జమ్మలమడుగులో దిగింది. గంగమ్మ బడిలో పిల్లలకు వంట చేస్తుంది. ఎస్తర్ పోయేసరికి పిల్లల భోజనాలు అయిపోయాయి. వంటగది బయట కొళాయి పక్కన గంగమ్మ పీట మీద కూర్చొని, మనిషి పట్టేంత అన్నం గుండిగను ఒళ్ళోకి వాల్చుకొని, కొబ్బరిపీచుతో అడుగు మాడు గీరుతున్నది.

"రా పాపా. తిన్న్యావా? గుడ్డు ఒకటి మిగిలింది."

"తిన్న్యాక్కా." తినలేదు. ఎస్తర్ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ప్రొద్దుటూరులో సభంట గదా? మా హెడ్మాస్టరు చెప్పిన్యాడు. నాకైతే ఫోను రాల్యా." గంగమ్మ పీచు బూడిదలో అద్దింది. "నాకు వాళ్ళ శాలువాలు ఎందుకు మా? మైకులో ఆయప్ప పేరు జెప్పి, డ్యూటీలో పోయిన్యాడని నలుగురు ఇనేట్ల ఒక్కసారి అంటే సాలు. ఆయప్ప పోయినంక ఆదరణ కూడికని ప్రార్థన పెట్టుకుంటే సంఘంలో సగం మంది రాల్యా. వచ్చినోళ్ళు గూడా పాట పాడి నా మొగం చూడకుండా లేచి పోయినారు. ఇరవై ఏండ్లు ఆ చర్చి మెట్లు ఊడ్చిన మనిషికి!"

ఇక ఆపుకోలేకపోయింది ఎస్తర్. "అక్కా, బండి చెడిపోల్యా. అది నేను నొక్కిన అబద్ధం. అన్నకు నడుపుతాండంగానే నొప్పి వచ్చింది. బండి పక్కకు తీసి ఆపిన్యాడు."

పీచు ఆగిపోయింది.

"ఆపినాక?"

"ఎనక కాన్పయితాండె. నేను ఆయమ్మ కాడ..."

"నేనడిగేది అది గాదు. ఆపినాక ఎంతసేపు ఉండె పానం?"

కొళాయి నుంచి నీళ్ళు గుండిగ అంచు మీద పడి మోచేతుల దాకా చిందుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కట్టెయ్యలేదు.

"ఇరవై నిమిషాలక్కా."

గంగమ్మ గుండిగను ఒళ్ళోంచి దించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, ఒక్కొక్క వేలే తుడుచుకుంది. లేచి వంటగదిలోకి పోయి తలుపు వేసుకుంది. లోపల గడియ పడింది.

"అక్కా, మిగిలింది గూడా ఇను అక్కా!" ఎస్తర్ తలుపు కొట్టింది. ఏడుపైనా వినిపిస్తే బాగుండునని నిలబడింది. అదీ వినిపించలేదు. కాసేపటికి వెనక్కి వచ్చి, ఆ పీట మీద తను కూర్చొని, మిగిలిన మాడంతా గీరి, గుండిగను మూడుసార్లు కడిగి, బోర్లించి, బస్టాండుకు నడిచింది.

గురువారం ప్రొద్దుటూరు ఆఫీసులో సీతాపతి ఆమె రాసిన కాగితం రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఫ్యాను గాలికి కాగితం లేవబోతే దాని మీద అరచేయి ఉంచాడు.

"ఇది నేను తీసుకుంటే ఏమవుతుందో తెలుసా తల్లీ? తప్పుడు ఎంట్రీ పెట్టినందుకు ముందు నీకు డ్యూటీ ఆపుతారు. ప్రశంసాపత్రం పోతుంది. ఎంక్వైరీ అయ్యేలోపు ఆనందయ్య ఫైలు ఏ బీరువాలో పడుతుందో దేవుడికి తెలియాలి."

"పోతే పోనీ సార్. అన్న పేరు చదివితే సాలు."

"పేరే కదా కావాల్సింది? ఉండు." ఆయన తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. చెడ్డవాడు కాదు సీతాపతి. నిజంగానే దారి వెతుకుతున్నాడు. "బండి చెడింది. అది రికార్డు, దాన్ని మనం కదిలించొద్దు. చెడిన బండిని బాగుచేస్తుండగా పైలట్‌కు గుండెపోటు వచ్చింది. అప్పుడు డ్యూటీలోనే కదా? ఎనిమిదీ ఐదు డాక్టరు చూసిన టైము గానీ నొప్పి వచ్చిన టైము కాదు. ఇట్లా రాస్తే సాయంత్రానికి నాలుగో పేరు చేరుతుంది. ఆయనకు గౌరవం, నీకు ఉద్యోగం, మీవాళ్ళందరికీ ఆ బటన్. ఎవరికి నష్టం చెప్పు?"

ఎవరికి నష్టం? ఎస్తర్ వెతికింది. సీతాపతి ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు. "దీన్ని నేను చూడలేదు" అన్నాడు.

తీసుకుంది. తీసుకోకుండా ఉండాల్సిందని గట్టున కూర్చున్నవాళ్ళు ఎన్నయినా చెప్తారు. ఇంట్లో బడికి పోయే పిల్లలు ఇద్దరు, ఈ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. బయటికొచ్చి గంగమ్మకు ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఆఫీసువాళ్ళే గంగమ్మకు కబురు చేశారని సాయంత్రం వినోద్ చెప్పాడు. "అంతా సర్దుకున్న్యాది గదా? ఇంగ కదిలించొద్దు" అన్నాడు. ఆమె ఊ అంది. అన్నది గానీ అన్నం సగంలో వదిలేసి లేచింది.

శుక్రవారం ఫంక్షన్ హాలు ముందు ఏడు అంబులెన్సులు వరసగా నిలబెట్టారు. కడిగి, బంతిపూల దండలు కట్టి, సైరన్ లేకుండా పై లైట్లు మాత్రం తిప్పుతున్నారు. లోపల వేదిక మీద నాలుగు ఫోటోలు పెట్టారు. నాలుగోది నిన్న రాత్రి తయారయినట్టుంది, ఫ్రేము రంగు వేరు. ఆనందయ్య అందులో పాస్‌పోర్టు ఫోటోకు దిగినట్టు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

ఎస్తర్‌ను ప్రశంసాపత్రాలు తీసుకునేవాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. అమరుల కుటుంబాలు మొదటి వరసలో ఉన్నాయి. గంగమ్మ తెల్లచీర కట్టుకొని, ఒళ్ళో చేతులు పెట్టుకొని, నిటారుగా కూర్చుంది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు. బండి చెడలేదని ఆమెకు తెలుసు. ఇరవై నిమిషాల సంగతీ తెలుసు. పైకెక్కి ఒక్క మాట అంటే చాలు. ఎస్తర్ అరచేతులు చెమట పట్టి ఇస్త్రీ ప్యాంటుకు మరకలయ్యాయి. పక్క వరసలోంచి వినోద్ ఆమెనే చూస్తున్నాడు.

మొదటి మూడు పేర్లు అయ్యాయి. ఒక్కొక్క పేరు చదవడం, అందరూ లేచి నిలబడడం, ఇంటివాళ్ళు పైకి పోవడం, శాలువా, జ్ఞాపిక. తరువాత మైకు ముందున్న అమ్మాయి, ఆఫీసులో పనిచేసే హీనా, నాలుగో కాగితం తీసింది. నిన్న సీతాపతి ఒక్క ముక్క రాసిచ్చాడు. రాత్రికి రాత్రి దానికి ఎవరో కొమ్ములూ రెక్కలూ తొడిగారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా!

"నడిరోడ్డు మీద వాహనం మొరాయించినా చలించక, స్వయంగా ఇంజను విప్పి మరమ్మతు చేస్తూ, చేతిలో పానాతోనే నేలకొరిగిన వీరుడు, పైలట్ ఆనందయ్య!"

చప్పట్లు మోగాయి. గంగమ్మ లేచింది. మెట్లెక్కింది. అధికారి శాలువా కప్పితే తల వంచింది, జ్ఞాపిక ఇస్తే రెండు చేతులా పట్టుకుంది. అంతా సవ్యంగా జరిగిపోతున్నది. ఎస్తర్ ఊపిరి వదలబోయింది. అప్పుడు గంగమ్మ మెట్ల వైపు కాక మైకు వైపు తిరిగింది. హీనా పక్కకు జరిగి చోటిచ్చింది, కృతజ్ఞతలు చెప్తుంది కాబోలు అనుకొని.

"సారూ, మా ఆయప్పకు బండి బాగుచేసేది రాదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"నవ్వుకోండి, నిజమే. సైకిల్ చైను ఊడినా నేనే ఏసేదాన్ని. పానాతో యాడ తిప్పల్లో ఆయప్పకు తెల్దు. ఆయప్పకు వచ్చింది బండి నడిపేదొకటే, అది మాత్రం శానా బాగ వచ్చు." మైకుకు మరీ దగ్గరగా నిలబడడంతో మాటలు గరగరమన్నాయి. "మీరు చదివింది మా ఆయప్ప సంగతి గాదు, ఇంకెవరిదో. తాగి సచ్చిన్యాడన్న్యారు, అదీ అబద్ధమే. పానా పట్టి సచ్చిన్యాడంటాండారు, ఇదీ అబద్ధమే. ఒగ అబద్ధం ఇడిపించుకొని ఇంగోటి కప్పుకోను నేను వచ్చింది? ఆయప్ప యట్ల పోయిన్యాడో తెలిసినోళ్ళు ఈడనే ఉండారు. చెప్పను వచ్చిన నాడు నేను తలుపేసుకుంటి. ఇనేదానికి ధైర్యం సాల్యా. ఇయాల ఇంటా."

పేరు చెప్పలేదు. ఎస్తర్ వైపు చూడనైనా లేదు. సీతాపతి వేదిక కింది నుంచి హీనాకు చేత్తో సైగ చేస్తున్నాడు, కానివ్వు కానివ్వు అని. వినోద్ తల అడ్డంగా ఊపుతున్నాడు, ఎస్తర్ కేసే చూస్తూ, వద్దు వద్దని. ఇంకొక్క నిమిషం కూర్చుంటే గంగమ్మ దిగిపోతుంది, తరువాతి కార్యక్రమం వస్తుంది, తన పేరు పిలుస్తారు. ఆ కాగితం తీసుకొని ఇంటికి పోయి ఏ గోడకు వేలాడదీయాలి? ఛీ అనిపించింది ఎస్తర్‌కు, తన మీద తనకే. లేచింది. మెట్లెక్కింది.

మైకు ముందు నిలబడితే ఏం మాట్లాడాలో తోచలేదు. ఉపన్యాసాలు ఆమెకు చేతకావు. చేతనైనది ఒకటుంది. రోగిని ఆసుపత్రిలో అప్పగించేటప్పుడు పేరు, వయసు, ఏ టైముకు ఏం జరిగింది, తను ఏం చేసింది, నిలబడి ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాలి. రోజుకు ఆరుసార్లు చెప్తుంది. ఆ రాత్రి తల్లినీ బిడ్డనూ అట్లాగే అప్పగించింది. ఆనందయ్యను మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఆమె గంగమ్మ వైపు తిరిగింది.

"పేషెంటు పేరు ఆనందయ్య. వయసు నలభై ఎనిమిది. అంబులెన్సు పైలట్. సాయంత్రం ఆరూ నలభైకి ఎడమ చెయ్యి లాగుతాందని చెప్పిన్యాడు. నేను బండి ఆపమన్న్యా. ఈడ మలుపు, ఎనకనుంచి లారీలు వస్తాయి, కాన్పుకొచ్చిన తల్లిని పెట్టుకొని ఈడ ఆపగూడదన్న్యాడు. చెమటలు కార్తాండంగా మూడు కిలోమీటర్లు నడిపిన్యాడు. ఆరూ యాభైకి చదునైన తావున పక్కకు తీసి ఆపి దిగిన్యాడు. నేను కిటికీలోనుంచి ఆస్పిరిన్ బిళ్ళ ఇచ్చినా, నమిలిన్యాడు. ఆరూ యాభై రెండుకు బ్రేక్‌డౌన్ నొక్కినా. బండి చెడల్యా. ఇంగో బండి బిరీన రావల్లని నొక్కినా. ఆ తప్పు నాది."

సైగ చేస్తున్న సీతాపతి చెయ్యి దించాడు.

"అప్పటికి బిడ్డ తల బయటికొచ్చింది. మెడకు పేగు చుట్టుకొన్న్యాది. ఆరూ యాభై ఐదుకు బిడ్డ పుట్టింది, ఏడవల్యా. తల్లికి రక్తం ఆగల్యా. ఒగ చేత్తో ఆయమ్మ కడుపు అదిమి పట్టుకున్న్యా, ఇంగో చేత్తో బిడ్డను రుద్దినా. అన్న బయటినుంచి రెండుసార్లు పిల్చిన్యాడు. మొదటిసారి, బిడ్డ ఏడ్చిందా అని అడిగిన్యాడు. రెండోసారి..." ఎస్తర్ గంగమ్మ కళ్ళలోకి చూసింది. "రెండోసారి, ఎస్తరూ, ఒక్కసారి ఈడికి రా మా అన్న్యాడు. నేను పోల్యా. చెయ్యి తీస్తే ఆ తల్లి పోతాది. ఏడూ పన్నెండుకు పోయినా. చక్రానికి ఆనుకొని ఉన్న్యాడు. నాడి లేదు. ఏడూ పన్నెండునుంచి రెండో బండి వచ్చేవరకూ, అందులో ఆసుపత్రికి పోయేవరకూ గుండె నొక్కతానే ఉన్న్యా. రాల్యా. ఆరూ యాభై రెండునుంచి ఏడూ పన్నెండువరకూ ఇరవై నిమిషాలు పేషెంటు కాడ ఎవరూ లేరు."

అంతే. అప్పగింత అయిపోయింది. చెప్పినవాళ్ళు కదలకుండా నిలబడాలి, అవతలివాళ్ళు అడగాల్సింది అడిగి సంతకం చేసేదాకా. ఎస్తర్ అట్లాగే చేతులు రెండూ పక్కలకు పెట్టుకొని నిలబడింది. గంగమ్మ జ్ఞాపికను బల్ల మీద పెట్టి వచ్చి ఆమె ఎదురుగా ఆగింది. చెంపలు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు.

"బిడ్డ ఏడ్చిందా?"

"ఏడ్చిందక్కా. ఏడు గంటలకు."

"ఆయప్పకు చెప్పినావా?"

"గట్టిగ అరిచి చెప్పినా."

"ఇన్న్యాడా?"

"ఇన్న్యాడక్కా. ఆడబిడ్డా మగబిడ్డా అని అడిగిన్యాడు."

గంగమ్మ తల ఆడించింది. తరువాత సీతాపతి వైపు తిరిగింది.

"సారూ, ఈ పాప చెప్పినట్ల రాసియ్యండి. సంతకం నేను జేస్తా."

సీతాపతి కింద నిలబడే ఉన్నాడు. ఏ కాగితం మీదా లేని మాట ఇది. వేదిక మీది అధికారి ఆయన కేసి చూశాడు. సీతాపతి జేబులోంచి పెన్ను తీశాడు, చేతిలో ఉన్న కార్యక్రమ పత్రాన్ని వెనక్కి తిప్పాడు.

"టైములు మళ్ళీ చెప్పమ్మా" అన్నాడు. "మెల్లగా."